సీమ సగటు, వాడ పొయ్యి

ప్రాంతాల వెనుకబాటు గురించి మాట్లాడేటప్పుడు మన మేధావులు ముందు నీళ్ల లెక్క తీస్తారు, తర్వాత కరెంటు లెక్క తీస్తారు. కోస్తాకింత, సీమకింత, తెలంగాణకింత అని మూడు గళ్ల పట్టిక గీస్తారు. యే గడిలో అంకె చిన్నదో ఆ ప్రాంతానికి అన్యాయం జరిగిందని తేలుస్తారు. రాజ్యం నివేదికలు రాసింది ఈ పద్ధతిలోనే, వుద్యమాలు కరపత్రాలు వేసింది కూడా ఈ పద్ధతిలోనే. రాజ్యానికీ వుద్యమానికీ యెన్ని తగాదాలున్నా పట్టిక గీసే దగ్గర మాత్రం పేచీ లేదు. మా పేచీ అంతా అక్కడే.

ముందే వొక మాట చెప్పుకోవాలి. మేం సీమకు అన్యాయం జరగలేదనేవాళ్లం కాదు. మాలో కొందరం ఆళ్లగడ్డ, నంద్యాల వైపు వాడల్లో పుట్టి పెరిగినవాళ్లం. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్న మాటలు యెట్లా గాలికి పోయాయో చిన్నప్పటినుంచీ వింటూనే వున్నాం. కరువు వచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి బస్సెక్కిన కుటుంబాల్లో మావీ వున్నాయి. అయితే "సీమ" అని నోరారా పలికినప్పుడు ఆ మాటలో వాడ యెక్కడుంది అని అడిగే హక్కు కూడా అక్కడినుంచే వచ్చింది. ఇంధనం లెక్క పట్టుకుని ఆ ప్రశ్న అడగాలని ఈ వ్యాసం.

ఆళ్లగడ్డ కరెంటు లెక్క యెక్కడెక్కడ తిరిగిందో చూడండి. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. 2000 సంవత్సరంలో నాలుగు పంపిణీ కంపెనీలు వచ్చాయి. (అదే యేడు ఆగస్టు 28న చార్జీల పెంపు మీద బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. సంస్కరణల చరిత్ర రాసేవాళ్లు ఈ తేదీని సాధారణంగా మరిచిపోతారు కాబట్టి గుర్తు చేస్తున్నాం.) ఆ నాలుగు కంపెనీల్లో కర్నూలు, అనంతపురం జిల్లాలను హైదరాబాద్ కేంద్రంగా వున్న సెంట్రల్ కంపెనీలో వేశారు. అంటే రుద్రవరం మండలంలో వొక గుడిసెలో వెలిగిన బల్బూ, హైదరాబాదులో పెద్ద హోటళ్ల ఏసీలూ పద్నాలుగేళ్లపాటు వొకే కంపెనీ ఖాతాలో కూడబడ్డాయి. సెంట్రల్ కంపెనీ వినియోగం రాష్ట్రంలో అన్నింటికంటే యెక్కువ. ఆ లెక్క ప్రకారం మేం బాగా కరెంటు వాడే ప్రాంతం వాళ్లం!

2014లో రాష్ట్రం విడిపోయింది. పునర్విభజన చట్టం పన్నెండో షెడ్యూలులో వొక్క వాక్యంతో ఈ రెండు జిల్లాలనూ తిరుపతి కేంద్రంగా వున్న సదరన్ కంపెనీకి మార్చారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది, ఆళ్లగడ్డ కర్నూలు జిల్లా పట్టికలోంచి నంద్యాల జిల్లా పట్టికలోకి వచ్చింది. స్తంభాలు కదలలేదు, వైరు కదలలేదు, వాడ చివరి ఇంట్లో సాయంత్రం పూట వోల్టేజి లేక బల్బు ఎర్రగా మినుకుమినుకుమనడం కూడా మారలేదు. ప్రాంతం సగటు మాత్రం మూడు సార్లు మారింది. వొక కాగితంతో మారిపోయే అంకెను పట్టుకుని దాన్నే మన బతుకు కొలత అని యెట్లా నమ్మాలి?

అయితే ఈ అంకెలు వుత్త అంకెలు కావు, వాటితో పంపకాలు జరిగాయి. అదే పన్నెండో షెడ్యూలు కేంద్ర విద్యుత్ కేంద్రాల కరెంటును గత అయిదేళ్లలో యెవరు యెంత వాడారో చూసి ఆ నిష్పత్తిలో పంచమంది. 2014 మే 8 నాటి ఇరవయ్యో నంబరు జీవోలో ఆ వాటాలు తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అయ్యాయి. మా రెండు జిల్లాల పేరు మీద సుమారు 8 శాతం అటునుంచి ఇటు వచ్చింది. ఈ వాటాలు న్యాయమా కాదా అని రెండు రాష్ట్రాలూ గట్టిగానే వాదించుకున్నాయి. ఆ వాదనలో యెవరూ ముట్టుకోని విషయం వాటాకు ఆధారమైన సూత్రం. యెవరు యెక్కువ వాడితే వాళ్లకే యెక్కువ హక్కు అనే సూత్రం అది. ఇది మాకు కొత్త కాదు. చెరువు కింద యెవరి మడి ముందు తడిసిందో వాళ్లదే నీటి హక్కు అనే పాత ఊరి న్యాయమే ఇది. వాడకపోవడం లేమి వల్ల జరిగిందా, అవసరం లేక జరిగిందా అని ఈ న్యాయం అడగదు. నిన్న మోటారు పెట్టుకోలేనివాడికి రేపు కరెంటు అక్కర్లేదని అది రాసుకుంటుంది.

ఇప్పుడు "తలసరి" సంగతి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ యేటా దేశానికీ రాష్ట్రాలకూ తలసరి వినియోగం ప్రకటిస్తుంది. దేశం సగటు 2021-22లో 1,255 యూనిట్లు, 2023-24లో 1,395 యూనిట్లు. పత్రికలు దీన్ని ప్రగతి అని అచ్చేస్తాయి. ఈ అంకె తయారయ్యే తీరు చాలామందికి తెలియదు. పుట్టిన కరెంటునూ బయటినుంచి వచ్చిన కరెంటునూ కూడి జనాభాతో భాగిస్తారు. అందులో తీగల్లో పోయిన నష్టం వుంటుంది, ఫ్యాక్టరీ తన కోసం తాను పుట్టించుకున్నది వుంటుంది, రైలు బండి, బంగారు షాపు, బోరు మోటారు అన్నీ వుంటాయి. ఆ మొత్తాన్ని తలకింత అని పంచుతారు. కాగితం మీద పంచుతారు కాబట్టి యెవరికీ ఖర్చు లేదు.

దీని అసలు రంగు తెలియాలంటే దాద్రా నగర్ హవేలీని చూడాలి. దమన్ దియూతో కలపక ముందు దేశంలో తలసరి కరెంటు అన్నిటికంటే యెక్కువ వున్నది అక్కడే. పది వేల యూనిట్లకు పైన, అంటే దేశం సగటుకు యెన్నో రెట్లు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనంలో సగానికి పైగా ఆదివాసులు. వార్లీలు, కోక్నాలు, ధోడియాలు. దేశంలో అందరికంటే యెక్కువ కరెంటు వాడేది వార్లీ గుడిసె అని నమ్మమంటారా? పన్ను రాయితీల కోసం అక్కడికి చేరిన ఫ్యాక్టరీల కరెంటును వాళ్ల తలల మీద రాశారు, అంతే. రెండో కొసన మూడు వందల చిల్లర యూనిట్లతో బీహార్ వుంటుంది. ఫ్యాక్టరీ లేనిచోట అంకె కాస్త నిజానికి దగ్గరగా వుంటుంది, పరువు మాత్రం పోతుంది.

నంద్యాల జిల్లాలోనూ ఇదే జరుగుతుంది. కొలిమిగుండ్ల, గడివేముల, బేతంచెర్ల వైపు సున్నపురాయి వుంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. టన్ను సిమెంటుకు సుమారు 80 యూనిట్ల కరెంటు పడుతుంది. బొగ్గు సంగతి వేరే, టన్ను క్లింకరు కాల్చడానికి వంద కిలోలకు తక్కువ కాకుండా పోతుంది. యేడాదికి పది లక్షల టన్నులు చేసే వొక్క ఫ్యాక్టరీకి ఎనిమిది కోట్ల యూనిట్లు కావాలి. నెలకు 50 యూనిట్లు వాడే ఇల్లు యేడాదికి వాడేది 600. భాగించి చూడండి, లక్షా ముప్పై మూడు వేల ఇళ్ల కరెంటు వొక్క ఫ్యాక్టరీలో వుంది. కాబట్టి నంద్యాల జిల్లా తలసరి పెరిగిందని రేపు యెవరైనా చెబితే పెరిగింది వాడలో ఫ్యానా, కొలిమిగుండ్లలో కొలిమా అని అడగాలి. ఆ సిమెంటు యెక్కడికి పోతుందో కూడా అడగాలి. బెంగుళూరులో, చెన్నైలో లేచే అంతస్తుల్లో మా జిల్లా కరెంటు గోడలై నిలబడుతుంది, లెక్క మాత్రం మా పేరు మీద వుంటుంది.

జాతి వివక్షను చట్టం చేసుకున్న దక్షిణాఫ్రికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆఫ్రికా ఖండంలో పుట్టే కరెంటులో సగానికి పైగా ఆ వొక్క దేశంలోనే పుట్టేది. తలసరి అంకె చూస్తే ఖండానికే తలమానికం. 1990 ప్రాంతంలో ఆ దేశంలో కరెంటు వున్న ఇళ్లు సుమారు మూడో వంతే. గనులకూ తెల్లవాళ్ల పేటలకూ కరెంటు పోగా నల్లవాళ్లకు బొగ్గు పొయ్యి మిగిలింది. సొవెటోలోనే వున్న ఓర్లాండో విద్యుత్ కేంద్రం జోహాన్నెస్‌బర్గ్‌కు వెలుగిచ్చింది, దాని పొగ కింద వున్న ఇళ్లు చాలాకాలం చీకట్లోనే వున్నాయి. ఆ దేశంలో గీత రంగు మీద గీశారు కాబట్టి ప్రపంచం చూసింది. మన దగ్గర గీత ఊరికీ వాడకూ మధ్య వుంది. పట్టిక గీసేవాళ్లు ఊరినీ వాడనూ కలిపి "గ్రామం" అని రాస్తారు, గీత మాయమవుతుంది.

శ్రీకృష్ణ కమిటీ నివేదిక విషయానికి వద్దాం. 2010 డిసెంబర్ 30న కేంద్రానికి ఇచ్చిన ఈ నివేదిక మూడు ప్రాంతాలను పోల్చడంలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో పెద్దది. దాంట్లో నాలుగో అధ్యాయం నీటి వనరులు, సాగు, విద్యుత్తుకు సంబంధించింది. సామాజిక, సాంస్కృతిక విషయాలు ఏడో అధ్యాయంలో వున్నాయి. కమిటీ కులం మాట యెత్తలేదని మేం అనడం లేదు. ఆదాయాల దగ్గర యెత్తింది, ఏడో అధ్యాయంలో యెత్తింది. కానీ కరెంటు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ప్రాంతమే మనిషి అయిపోయింది. తెలంగాణ వాడింది, సీమ వాడింది, కోస్తా వాడింది అంటే సరిపోతుందా? ప్రాంతానికి పొయ్యి వుంటుందా? బోరు వుంటుందా? నాలుగో అధ్యాయానికీ ఏడో అధ్యాయానికీ మధ్య రెండు అధ్యాయాల దూరమే, అయినా వొకదాన్నొకటి పలకరించుకోవు. మనుషుల్ని కులాలుగా చూసిన చోట కరెంటు లేదు, కరెంటు చూసిన చోట కులం లేదు. ఇది కమిటీ సభ్యుల పొరపాటు మాత్రమే అనుకోం. ప్రాంతీయ వాదులు కమిటీ ముందు పెట్టిన పత్రాల్లో కూడా దాదాపు ఇదే తీరు.

కులంవారీ లెక్కలు దొరకవంటారు. కొన్ని దొరుకుతాయి. 2011 జనగణనలో దీపానికి యేం వాడతారో కులంవారీగా వుంది. దేశం మొత్తమ్మీద 67 శాతం ఇళ్లలో కరెంటు దీపం వుంటే, ఎస్సీ ఇళ్లలో 59 శాతానికే వుంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు దీపం 92 శాతం ఇళ్లకు వచ్చేసింది. అంటే మా దగ్గర అసమానత స్తంభం వచ్చిందా రాలేదా అనే దగ్గర లేదు, మీటరు తర్వాత వుంది. మీటరు తర్వాతి లెక్క మాత్రం కులంవారీగా ఇవ్వరు.

ఇవ్వరు అనడం కూడా పూర్తిగా సరి కాదు. పంపిణీ కంపెనీకి మా కులం వొక్క చోట బాగా తెలుసు, ఉచితం దగ్గర. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 50 యూనిట్లతో మొదలైన ఉచితం మెట్లుమెట్లుగా పెరిగి 2019లో 200 యూనిట్ల దాకా వచ్చింది. అయితే కాలనీలోనో తండాలోనో వుంటేనే అనే షరతు పెట్టారు. వాడ వదిలి ఊళ్లో అద్దెకు దిగినవాడు కరెంటు లెక్కలో దళితుడు కాకుండా పోతాడు. వాడలో వుంటేనే వాడవాడు! అంటరానితనం నాటి హద్దురాయిని రాయితీకి కొలతరాయి చేశారు. ఆ సర్టిఫికెట్ తెచ్చుకో, ఈ కాగితం తెచ్చుకో అని తిప్పించుకున్న అనుభవం మా ఇళ్లలో చాలామందికి వుంది.

రెండో ఉచితం చూడండి. 2004 మే 14న ప్రమాణ స్వీకారం రోజునే సంతకం పెట్టిన వ్యవసాయ ఉచిత విద్యుత్తు. దాన్ని మేం వ్యతిరేకించడం లేదు. సీమలో బోరు వేసి అప్పులపాలైన రైతుల్లో మావాళ్లూ వున్నారు. ప్రశ్న కొలతది. అయిదు హార్స్‌పవర్ మోటారు గంటకు 3.7 యూనిట్లు తాగుతుంది. తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్లు. వాడ ఇంటికి నెలంతా ఇస్తామన్న 200 యూనిట్లను ఆ మోటారు ఆరు రోజుల్లో తాగేస్తుంది. ఆ 200 కూడా హద్దే, మిక్సీ, ఫ్రిజ్ లేని ఇల్లు అంతదాకా పోనే పోదు. బోరు యెవరికుంటుంది? భూమి వున్నవాడికి. 2011లో దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వాళ్ల చేతుల్లో వున్న సాగుభూమి 9 శాతం లోపే. వ్యవసాయ సర్వీసుల్లో చాలావాటికి మీటర్లు లేవు, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి మిగతాది అంచనా కట్టారు. అంటే ప్రాంతాల మధ్య పోల్చే ఆ "మొత్తం"లో పెద్ద ముక్క అంచనానే. మోటారు కరెంటుకు మీటరు అడగరు, మోటారు యజమాని కులం రాసుకోరు, ఆయన పేరు "రైతు". వాడ ఇంటికి మీటరూ వుంది, కులం గడీ వుంది. చేనుకిచ్చేదాన్ని మద్దతు అంటారు, వాడకిచ్చేదాన్ని ఉచితం అంటారు. బకాయిల జాబితా గోడకు అంటించేటప్పుడు యేది కనపడుతుందో వేరే చెప్పాలా?

ఇదంతా కరెంటు గురించే. కరెంటు ఇంధనంలో వొక భాగం. పొయ్యి సంగతికి వస్తే పట్టిక పూర్తిగా తలకిందులవుతుంది.

తెల్లవారుజామున నల్లమల అంచు ఊళ్లలో అహోబిలం దారి మీద నిలబడితే కట్టెల మోపులతో వచ్చే ఆడవాళ్లు కనపడతారు. అడవికి దూరంగా వున్న వాడల్లో కంప కొట్టుకొస్తారు, పత్తి కట్టె, కంది కట్టె తెచ్చుకుంటారు, పిడకలు చేసుకుంటారు. కేంద్ర గణాంక శాఖ యేటా వేసే ఇంధన గణాంకాల పట్టికలో బొగ్గు వుంది, చమురు వుంది, గ్యాసు వుంది, జల విద్యుత్తు, అణు విద్యుత్తు వున్నాయి. మోపు లేదు. దాన్ని "వాణిజ్యేతర" ఇంధనం అంటారు. అమ్మకానికి రానిది లెక్కకు రాదు. పారిస్‌లోని అంతర్జాతీయ ఇంధన సంస్థ మాత్రం కట్టెనూ పేడనూ కూడా లెక్కలో కలుపుతుంది. అందుకే భారతదేశం మొత్తం ఇంధనం ఢిల్లీలో వొకటి, పారిస్‌లో వొకటి. ఆ తేడాలో మా ఆడవాళ్ల మెడలున్నాయి.

మరి పారిస్ లెక్క న్యాయమైందా? మేం కూడా మొదట అట్లాగే అనుకున్నాం. కాగితం మీద వేసి చూస్తే ఇంకో చిక్కు బయటపడింది. ఎండిన కట్టె కిలోలో నాలుగు యూనిట్లకు పైచిలుకు వేడి వుంటుంది. అయిదుగురున్న ఇంట్లో రోజుకు అయిదు కిలోల కట్టె కాలుతుందనుకుందాం. రోజుకు 20 యూనిట్లు, నెలకు 600. ఊళ్లో గ్యాసు ఇంట్లో నెలకు వొక సిలిండర్. 14.2 కిలోల గ్యాసులో వున్నది సుమారు 180 యూనిట్లు. అంటే మొత్తం ఇంధనం లెక్కలో వాడ ఇల్లు ఊరి ఇంటికంటే మూడు రెట్లకు పైన వాడినట్టు! వాడ దుబారా చేస్తోందని తేలుతుంది. నిజంగా కుండకు తగిలిన వేడి యెంత? మూడు రాళ్ల పొయ్యి, మట్టి పొయ్యి కట్టెలోని వేడిలో నూటికి పది పదిహేను పాళ్లే కుండకిస్తాయి. 600లో 60 నుంచి 90 యూనిట్లు. గ్యాసు పొయ్యి అరవై పాళ్ల దాకా ఇస్తుంది. 180లో 108 యూనిట్లు. మూడు రెట్లు కాల్చి, మూడు రెట్లు మోసి, పొగంతా మింగి, చివరికి తక్కువ వేడి పొందింది వాడే.

కాబట్టి మొత్తం ఇంధనం అనే కొలత మమ్మల్ని రెండు రకాలుగా చెరుపుతుంది. కట్టెను వదిలేస్తే వాడ వుండదు. కట్టెను కలిపితే వాడ దుబారా ఇల్లవుతుంది. మనిషి కష్టాన్ని యూనిట్లలో కొలిచినా ఇదే గతి. వొక మనిషి ఎనిమిది గంటలు ఒళ్లు వంచి పని చేస్తే శరీరం ఇచ్చే బలం 0.6 యూనిట్. అయిదు హార్స్‌పవర్ మోటారు పది నిమిషాల్లో ఇచ్చేస్తుంది. కె.సి. కెనాల్ కింద వరి నాట్లు వేసిన ఆడమనిషి పగలంతా పడ్డ పాటు, యూనిట్ల భాషలో, మోటారు పది నిమిషాల ఆట. కొలిచే కర్ర ఇంత వంకరగా వున్నప్పుడు కొలతలో తప్పు వెతికి లాభం లేదు, కర్ర సంగతి అడగాలి.

లెక్కలు కట్టేవాళ్లు బొగ్గునూ చమురునూ కరెంటునూ కలపాలంటే అన్నిటినీ చమురు సమాన టన్నుల్లోకి మారుస్తారు. వొక టన్ను చమురు అంటే 11,630 యూనిట్లు. భౌతిక శాస్త్రానికి ఈ మార్పిడి సరైందే, మాకు తగాదా లేదు. సామాజికంగా మాత్రం యూనిట్‌కు యూనిట్ సమానం కాదు. కరెంటు యూనిట్ కోసం యెవరి గడపా తొక్కనక్కర్లేదు, బిల్లు కట్టాలి. పత్తి కట్టె యూనిట్ కోసం చేను యజమానిని అడగాలి. చేలో కట్టె పీకి శుభ్రం చేసిస్తే ఆ కట్టె నువ్వే తీసుకుపో అనేది పాత ఒప్పందం. కూలి కట్టె రూపంలో ముడుతుంది. పొయ్యి వెలగాలంటే ఆయనతో మాట మంచిగా వుండాలి. అందుకే ఊరు వాడను వెలేసినప్పుడు కూలికి పిలవకపోవడంతో పాటే చేలగట్లు మూస్తారు, కట్టెకూ గడ్డికీ రానివ్వరు. సాంఘిక బహిష్కారం మొదట తెలిసేది పొయ్యిలోనే. ఇప్పుడు ట్రాక్టరు రోటావేటరు వచ్చి కట్టెను చేలోనే ముక్కలు చేసి కలిపేస్తోంది. భూమికి మంచిదే కావచ్చు. వాడకు పోయిన ఇంధనాన్ని మాత్రం యే గడిలోనూ తగ్గించి రాయలేదు, మొదట రాయనిదాన్ని తగ్గించేదెట్లా?

గ్యాసు రాలేదా అంటారు. వచ్చింది. 1999లో దీపం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నవంబరు నుంచి యేడాదికి మూడు ఉచిత సిలిండర్లు అన్నారు. మూడు సిలిండర్లంటే 540 యూనిట్లు. నెలకొకటి కాలే ఇంట్లో మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలు కొనగలిగితే కొనాలి, లేకపోతే మోపే. కనెక్షన్ల లెక్కలో ఆ ఇల్లు మాత్రం గ్యాసు ఇల్లు.

వాడకం వైపు ఇట్లా వుంటే, పుట్టించే వైపు నంద్యాల జిల్లా యేమీ వెనుకబడి లేదు. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రం 770 మెగావాట్లది, ఈ జిల్లాలోనే వుంది. ఆ రిజర్వాయరు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరు ఊళ్ల దాకా మునిగాయి. 1981 వేసవిలో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించారు. భూమికి పరిహారం భూమి వున్నవాడికి. ఆ భూమిలో పనిచేసి బతికినవాడికి గుడిసె విలువే మిగిలింది. 1986 నాటి 98వ నంబరు జీవో కింద ఇంటికొక వుద్యోగమన్నారు, దాని కోసం దశాబ్దాలు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. ఆ కరెంటు మూడు ప్రాంతాలకూ పోయింది, పట్టికల్లో మూడు గళ్లలోనూ వుంది. మునిగిన వాడ పొయ్యికి గడి లేదు.

2017 నాటికి గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, 5,900 యెకరాల పైన. పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి 2022 మే 17న శంకుస్థాపన చేశారు. ఇది కాలుష్యం లేని కరెంటు, అవసరమే. కానీ వేల యెకరాల బీడు అన్నప్పుడు మాకు వెంటనే కొన్ని గళ్లు గుర్తొస్తాయి. అందులో పట్టా యెంత, డి.కె.టి. పట్టా యెంత, కాగితం లేకుండా సాగు చేసుకుంటున్నది యెంత, గొర్రెలు మేసింది, కంప కొట్టుకున్నది యెంత? అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది, రాజ్యం వెనక్కి తీసుకోవడానికి మాత్రం అదే అసైన్డ్ అనే మాట సులువవుతుంది. తలసరి ఉత్పత్తి లెక్క వేసేటప్పుడు ఈ గళ్లు కూడా వేస్తే సీమ త్యాగం యెవరి త్యాగమో తేలుతుంది.

ఈ మాటలు విన్న సీమ వుద్యమ మిత్రులు కొందరు మీరు చీలికలు తెస్తున్నారన్నారు. ముందు సీమ వాటా రానివ్వండి, లోపల పంచుకోవడం తర్వాత అన్నారు. తర్వాత అనే మాట మేం చాలా చోట్ల విన్నాం. స్వాతంత్ర్యం తర్వాత, విప్లవం తర్వాత, రాష్ట్రం తర్వాత. పంపకం సూత్రం రాసేటప్పుడు లేని మాట పంపకం అయ్యాక రాదు, 2014లో వాడకం నిష్పత్తి హక్కుగా మారిన తీరే దానికి సాక్ష్యం. సీమ తక్కువ వాడుతోందని వాదించేటప్పుడు సీమలో యెవరు తక్కువ వాడుతున్నారో చెప్పగలిగితే ఆ వాదనకు బలం పెరుగుతుంది కానీ తగ్గదు. వాడ అంకెను దాచి చేసిన వాదనతో వచ్చిన వాటా మళ్లీ బోర్ల దగ్గరికీ కొలిమిగుండ్ల వైపుకే పోతుంది.

ఇంకో వాదన ఇంగ్లీషు చదువుల పరిశోధకులది. ఇంటింటి లెక్క కష్టం, మొత్తాలతో పోల్చడమే శాస్త్రీయం అంటారు. కష్టమేమీ కాదు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్‌వారీ లెక్క వుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు యెన్ని సర్వీసులో లైన్‌మన్‌కు తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ ఊరి నడిమిట్లో వుందా, వాడలో వుందా అనేది కళ్లున్నవాళ్లందరికీ తెలుసు. పొయ్యి లెక్కకు కావలసింది కాటా, నోటుబుక్కు, వారం రోజుల ఓపిక.

ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి, శిరివెళ్ల, ఉయ్యాలవాడ, దొర్నిపాడు మండలాల వాడల్లో ఈ పని మొదలుపెట్టాలనుకుంటున్నాం. పల్లెల్లో పనిచేసే టీచర్లు, హాస్టళ్లలో చదివే విద్యార్థులు తమ వాడలో పది ఇళ్ల లెక్క రాసి పంపితే వచ్చే సంచికల్లో వేస్తాం. బిల్లులో యూనిట్లు, యేడాదికి సిలిండర్లు, రోజుకు కాలిన కట్టె కిలోల్లో, మోసిన దూరం, మోసిన మనిషి వయసు. ఇళ్లవాళ్ల పేర్లు అక్కర్లేదు. కులం గడి, ఆ కట్టె యెవరి చేలోది అనే గడి మాత్రం ఖాళీ వదలొద్దు.